మా మాట తీరుకు మార్కులున్నాయి, మరి లైను తీరుకు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇంటర్నెట్ ఫోన్ల మీద ఆఫీసులు నడుపుతున్న ఆసుపత్రులు, కాలేజీలు, హోటళ్లు, ట్రావెల్స్, ఫ్యాక్టరీలు, కాల్ సెంటర్ల యాజమాన్యాలకు, ఆ ఫోన్లు అమర్చే కంపెనీలకు, నెట్ లైన్లు ఇచ్చే కంపెనీలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేము తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫోన్ డెస్క్ మీద పనిచేసేవాళ్లం. డాక్టర్ల అపాయింట్‌మెంట్లు, స్కానింగ్ టైములు, రిపోర్టులు వచ్చాయా లేదా అన్న ప్రశ్నలు, ఇన్సూరెన్స్ గొడవలు అన్నీ మా హెడ్‌సెట్ల గుండానే పోతాయి. పాత లైన్లు తీసేసి ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టినప్పటి నుంచి మాట తెగిపోతోంది. ఈ సంగతి పైవాళ్లకు నోటితో చెప్పాం, మెయిల్ పెట్టాం, మీటింగుల్లో లేవనెత్తాం. ప్రతిసారీ "చూస్తాం" అన్నారు. అందుకే నలుగురికీ తెలిసేలా రాస్తున్నాం.

మా ఆసుపత్రి పేరు రాయడం లేదు. పేరు రాస్తే గొడవ ఆ ఒక్క గేటు దగ్గరే ఆగిపోతుంది. ఊళ్లో వేరే డెస్కుల మీద కూర్చునే స్నేహితులతో మాట్లాడితే వాళ్లదీ ఇదే కథ. కాబట్టి ఇది చదివే ప్రతి యజమానీ తమ గురించే రాశారనుకుంటే మాకు అభ్యంతరం లేదు.

కాల్ మానిటరింగ్ లేక ఈ లేఖ రాయడం లేదు. మానిటరింగ్ ఉంది, కావలసినంత ఉంది. క్వాలిటీ టీమ్ అని ఒకటి మా రికార్డింగులు విని మార్కులు వేస్తుంది. మొదట నమస్కారం చెప్పామా, పేషెంటును పేరు పెట్టి పిలిచామా, గొంతులో విసుగు వినిపించిందా, "మళ్లీ చెప్పండి" అని ఎన్నిసార్లు అన్నాం, మధ్యలో ఎంతసేపు నిశ్శబ్దం నడిచింది, అన్నింటికీ ఫారంలో గడులున్నాయి. కాల్ అయ్యాక అవతలివాళ్లు 1 నుంచి 5 వరకు ఒక అంకె నొక్కుతారు. ఆ అంకె మా ఇన్సెంటివ్‌లో తేలుతుంది. ఇన్ని కొలతలున్న చోట ఒక్కదానికే కొలత లేదు. మా నోటి నుంచి బయల్దేరిన మాటలో అవతలి చెవికి చేరింది ఎంత, వాళ్ల మాటలో మాకు చేరింది ఎంత అని ఎవరూ చూడరు.

తమాషా ఏమిటంటే దానికీ 1 నుంచి 5 వరకు మార్కులున్నాయి. మీన్ ఒపీనియన్ స్కోర్, పొట్టిగా ఎంఓఎస్ అంటారు. మనుషులను కూర్చోబెట్టి, మాట వినిపించి, మార్కులు వేయించే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పి.800 అనే సిఫారసులో రాసి 1996లోనే ఇచ్చింది. మనుషులతో పని లేకుండా లైను లెక్కల నుంచే ఆ మార్కును అంచనా కట్టే సూత్రాన్ని జి.107 అనే మరో సిఫారసులో పెట్టింది. ఆఫీసు ఫోన్లలో ఎక్కువగా వాడే జి.711 కోడెక్‌తో (గొంతును అంకెలుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు) ఏ లోపమూ లేని కాల్‌కు ఈ సూత్రం ప్రకారం దాదాపు 4.4 వస్తుంది. 3.6 కంటే కిందికి దిగితే మాట్లాడేవాళ్లలో చాలామందికి అసంతృప్తి తప్పదని అదే లెక్క చెబుతుంది. మా మార్కు 4 కంటే తగ్గితే క్లాసు పీకుతారు. లైను మార్కు ఎంతో మా ఫ్లోర్ మీద ఎవరికీ తెలియదు.

ఫోను మోగితే చాలు, పనిచేస్తున్నట్టే అన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మేము ఫిర్యాదు చేసినప్పుడల్లా ఐటీ వాళ్లు వచ్చి స్పీడ్ టెస్ట్ చేసి చూపిస్తారు. స్క్రీన్ మీద పెద్ద అంకె వస్తుంది. "చూశారా, నెట్ సూపర్‌గా ఉంది" అని వెళ్లిపోతారు. మాటకు స్పీడ్ పెద్దగా అక్కర్లేదు. జి.711తో చేసే కాల్‌లో ఫోను మన గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. ప్యాకెట్ మీద రాసే చిరునామాలన్నీ కలిపినా ఒక కాల్‌కు ఒక్కో వైపు సెకనుకు 80 నుంచి 90 కిలోబిట్లు చాలు. ఇరవై మంది ఒకేసారి మాట్లాడినా 2 మెగాబిట్లు దాటదు. 100 మెగాబిట్ల లైనులో అదొక లెక్క కాదు. మాటకు కావలసింది క్రమం. ఆ 50 ప్యాకెట్లూ ప్రతి సెకనూ సమానమైన ఎడంతో చేరాలి. కొన్ని గుంపుగా, కొన్ని ఆలస్యంగా వస్తే దాన్ని జిట్టర్ అంటారు. ఫోను లోపల ఒక చిన్న బఫర్ ఉండి ప్యాకెట్లను కాసేపు ఆపి వరుసలో పెడుతుంది. ఆ గడువు దాటి వచ్చిన ప్యాకెట్ చేరినా చేరనట్టే. ఫోను దాన్ని పారేస్తుంది.

లైను కంపెనీ వాళ్లు "మా వైపు ప్యాకెట్ లాస్ సున్నా", అంటే దారిలో ఒక్క ప్యాకెట్టూ పోలేదు, అన్నప్పుడు అబద్ధం చెప్పకపోవచ్చు. ప్యాకెట్ చేరింది, ఆలస్యంగా చేరింది, ఫోను పారేసింది. వాళ్ల లెక్కలో అది లాస్ కాదు. మా చెవిలో మాత్రం అది గండి. ఈ పారేసిన ప్యాకెట్ల లెక్కను విడిగా రాసే పద్ధతి కూడా ఉంది. ఆర్‌టీసీపీ ఎక్స్‌ఆర్ అంటారు. 2003లోనే ప్రమాణంగా వచ్చింది.

ఇంకో మాయ సగటు. నెట్‌వర్క్ చూసే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఐదు నిమిషాలకొకసారి లెక్క తీసుకుని సగటు గీత గీస్తాయి. ఆ గీత మీద లైను 40 శాతం నిండినట్టు కనబడుతుంది, రంగు పచ్చగా ఉంటుంది. ఆ ఐదు నిమిషాల్లో రెండు సెకన్లు లైను పూర్తిగా నిండిపోయి ఉండొచ్చు, సగటులో అది కనబడదు. ఆ రెండు సెకన్లలోనే మేము ఎవరికో టోకెన్ నంబరు చెబుతుంటాం.

మా దగ్గర ఇది ఉదయం 9 నుంచి 11 మధ్య ముదురుతుంది. ఓపీ టైము అది. అదే టైములో స్కానింగ్ విభాగం నుంచి పెద్ద పెద్ద ఫైళ్లు బయటి డాక్టర్లకు అప్‌లోడ్ అవుతుంటాయి, సీసీ కెమెరాల బ్యాకప్ నడుస్తుంటుంది. బిల్లింగ్ మొత్తం నెట్ మీదే. అన్నింటికీ ఒకటే రూటరు, ఒకటే దారి. లారీల వరుస వెనక సైకిల్ చిక్కుకున్నట్టు మా గొంతు ఆ ఫైళ్ల వెనక ఇరుక్కుంటుంది. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. స్కానింగ్ మెషిన్ రిపేరులో ఉన్న పూట ఫోన్లు చక్కగా వినిపించేసరికి మేమే గమనించాం. మాకు కనిపించినది కొలిచే వాళ్లకు కనిపించకపోవడం ఏమిటో!

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెబుతాం.

1. మాట చివర తెగితే అర్థమే తిరగబడుతుంది. తెలుగులో "వద్దు", "లేదు", "కూడదు" అన్నవి మాట చివరే వస్తాయి. "రేపు పొద్దున షుగర్ మాత్ర వేసుకోవద్దు" అని మేమంటే అవతల "వేసుకో" దగ్గరే తెగుతుంది. "మంగళవారం రావద్దు" అంటే "రా" అని వినిపిస్తుంది. ఒక ప్యాకెట్ పోతే ఫోను దాని ముందున్న శబ్దాన్నే సాగదీసి గండి పూడుస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. వరుసగా ఐదారు పోతే 100 మిల్లీసెకన్లు దాటుతుంది, ఒక అక్షరం పూర్తిగా మాయమవుతుంది. జి.711కు రాసిన పూడ్చే పద్ధతి కూడా 60 మిల్లీసెకన్లు దాటితే నిశ్శబ్దంలోకి జారిపోతుంది. అందుకే సగటున ఒక శాతం లాస్ అనే మాట మాకు ఏమీ చెప్పదు. ఆ ఒక శాతం అక్కడక్కడా చెదిరిందా, ఒకేచోట గుంపుగా పోయిందా అన్నదే మాకు కావాలి.

2. పలమనేరు అవతలి పల్లె నుంచి ఒకావిడ కడుపు స్కానింగ్‌కు వచ్చింది. పరగడుపున రావాలని ఫోనులో చెప్పాం. ఆమెకు టైము వినిపించింది, పరగడుపు సంగతి వినిపించలేదు. తొలి బస్సెక్కి, దారిలో ఇడ్లీ తిని వచ్చింది. స్కానింగ్ మరుసటి రోజుకు పడింది. కూలి పోయింది, తోడు వచ్చిన కొడుకు కూలీ పోయింది, రాత్రికి ఉండటానికి రూము డబ్బు. కౌంటరులో "ఫోనులో చెప్పారు కదమ్మా" అంటే ఆమె గొడవపడలేదు, "నాకే ఇనపడలేదేమో" అని తప్పు తన మీదే వేసుకుంది. రికార్డింగు తీసి వింటే మా అమ్మాయి స్పష్టంగా చెప్పింది. రికార్డింగు మా వైపు గొంతును మా వైపే పట్టుకుంటుంది, అవతలికి చేరినదాన్ని కాదు. రికార్డింగు బాగుందని కాల్ బాగున్నట్టు లెక్కగట్టే యాజమాన్యాలు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోవాలి.

3. పెద్దవాళ్లకు ఇంకా కష్టం. పుంగనూరు, పీలేరు, సత్యవేడు వైపు నుంచి చేసే ముసలివాళ్లకు అసలే వినికిడి తక్కువ. "పాపా, గట్టిగా చెప్పు, యాడో బావిలోంచి మాట్లాడినట్టుండాది" అంటారు. మేము గట్టిగా చెబుతాం. గొంతు పెంచితే జిట్టర్ తగ్గదు కదా. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలావరకు ఇబ్బంది ఉండదని జి.114 సిఫారసు చెబుతుంది. అది బాగా పెరిగితే ఇద్దరం ఒకరి మాట మీద ఒకరం పడతాం. వాళ్లు ఆగారనుకుని మేము మొదలుపెడతాం, అదే క్షణాన వాళ్ల మాట వచ్చి పడుతుంది. అవతలివాళ్లకు అది పొగరులా వినిపిస్తుంది. "మాట పూర్తి చేయనియ్యరు" అని రేటింగ్ 1 నొక్కుతారు.

4. నగరి, పుత్తూరు, సత్యవేడు పక్క నుంచీ, సరిహద్దు దాటి తిరుత్తణి, వేలూరు నుంచీ తమిళం మాట్లాడేవాళ్లు చేస్తారు. భాష సగమే తెలిసినప్పుడు మిగతా సగం ఊహించి అల్లుకుంటాం. ముక్కలైన కాల్‌లో ఊహకు కూడా ఆధారం దొరకదు.

5. మా సంగతి. "మళ్లీ చెప్పండి" అంటే మార్కు పోతుంది. నిశ్శబ్దం నడిస్తే మార్కు పోతుంది. కాల్ ఎక్కువసేపు సాగినా అంతే. లైను తెగితే ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. పదే పదే అరిచి షిఫ్టు అయ్యేసరికి గొంతు పోతుంది, తలనొప్పి. నెలాఖరులో ఇన్సెంటివ్ తగ్గినప్పుడు కారణం అడిగితే రేటింగులు చూపిస్తారు. ఆ రేటింగుల్లో మా తప్పు ఎంత, లైను తప్పు ఎంత అని విడదీసే కాగితం ఎవరి దగ్గరా లేదు. కొత్తగా చేరిన అమ్మాయిలు తమకే మాట్లాడటం రాదనుకుని టెన్షన్ పడి మానేస్తున్నారు.

ఆసుపత్రి కాబట్టి ఇలా ఉంది, మాకెందుకు అనుకోకండి. మామిడి సీజన్‌లో చిత్తూరు జిల్లా రైతు తోతాపురి కాయ ట్రాక్టరుకెత్తుకుని గుజ్జు ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తాడు, టోకెన్ ఎప్పటికి, అన్‌లోడింగ్ ఎన్నింటికి అని. ఆ సమాధానంలో ఒక అంకె తెగితే కాయ ఎండలో ఉంటుంది. బ్రహ్మోత్సవాలకో వైకుంఠ ఏకాదశికో వచ్చే యాత్రికుడు తిరుపతిలో లాడ్జికి ఫోన్ చేసి రూము చెప్పుకుంటాడు. "ఫుల్" అన్నది వినబడక పిల్లాపాపలతో దిగుతాడు. కాలేజీ అడ్మిషన్ల రోజుల్లో ఫీజు చివరి తేదీ కోసం చేసే తండ్రి సంగతీ అంతే.

మరి ఈ లెక్క తీయడం అంత కష్టమా? కాదు, మాకు అన్నిటికంటే కడుపు మండేది ఇక్కడే. ఆ లెక్క ఇప్పటికే తయారవుతోంది. ఇంటర్నెట్ ఫోనులో మాట నడిచేది ఆర్‌టీపీ అనే పద్ధతిలో. దాని జోడీ ఆర్‌టీసీపీ. కాల్ నడుస్తుండగానే కొన్ని సెకన్లకొకసారి "నాకు ఇన్ని ప్యాకెట్లు అందలేదు, ఇంత జిట్టర్ ఉంది" అని ఈ చివర నుంచి ఆ చివరకు కబురు పంపడమే దాని పని. 2003 నాటి ప్రమాణంలోనే ఇది ఉంది. కాల్ ముగిశాక ఫోనే ఒక రిపోర్టు రాసి సర్వరుకు పంపే పద్ధతి 2010లో వచ్చింది. మంచి కంపెనీల డెస్క్ ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉంది. సెట్టింగుల్లో ఆన్ చేసి, రిపోర్టు ఎక్కడికి పంపాలో రాయాలి. మీరు డబ్బు కట్టి కొన్న ఫోను తనంతట తాను రాయగలిగిన రిపోర్టును ఎవరూ అడగడం లేదు.

అడగనందువల్ల జరుగుతున్నది ఇది. ఫోన్లు అమర్చినవాళ్లు నెట్ లైను బాగా లేదంటారు. లైను కంపెనీ వాళ్లు మీ లోపలి వైరింగు చూసుకోండి అంటారు. లోపలి ఐటీ వాళ్లు ఫోన్ల సర్వరు వేరే ఊళ్లో ఉంది, మా చేతిలో లేదంటారు. ముగ్గురూ తమ తమ స్క్రీన్లు చూపిస్తారు, మూడూ పచ్చగానే ఉంటాయి. టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ 2024లో సేవల నాణ్యత మీద కొత్త నిబంధనలు తెచ్చింది, అక్టోబరు 1 నుంచి అవి మొదలయ్యాయి. అవి టెలికాం కంపెనీలకు. మీ మెట్ల కింద పెట్టెలో దుమ్ము పట్టిన నెట్‌వర్క్ స్విచ్చికీ, చౌక రూటరుకీ, కార్డ్‌లెస్ ఫోన్లకు పెట్టిన వైఫైకీ ట్రాయ్ రాదు. అక్కడ మీరే ట్రాయ్.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి కాల్‌కూ లైను మార్కు రాయించండి. ప్యాకెట్ లాస్, ఆలస్యంగా వచ్చి పారేసినవి, జిట్టర్, డిలే (మాట అవతలికి చేరడానికి పట్టే సమయం), ఎంఓఎస్, ఈ ఐదూ కాల్ తేదీ, టైము, ఎక్స్‌టెన్షన్ నంబరు పక్కన ఉండాలి. కనీసం మూడు నెలలు దాచాలి. రాత్రిపూట మెషిన్ మెషిన్‌కు చేసే టెస్ట్ కాల్స్ మాత్రమే చూపించి సరిపెట్టొద్దు. అవి పనికొస్తాయి, కానీ రాత్రి రెండింటికి లైను ఎప్పుడూ బాగానే ఉంటుంది.

2. నెలవారీ సగటు మాకొద్దు. ఏ గంటలో ఎన్ని కాల్స్ 3.6 కంటే కిందికి పడ్డాయో చూపించండి. మా డెస్క్ మీద ఉదయం 9 నుంచి 11, మీ దగ్గర ఏ టైము ముదురుతుందో అది.

3. ఒక్కచోట కాక మూడుచోట్ల కొలవండి. ఫోను దగ్గర, మీ బిల్డింగ్ దాటే రూటరు దగ్గర, సర్వీసు ఇచ్చే కంపెనీ వైపు. ఫోను దగ్గర చెడి రూటరు దగ్గర బాగుంటే తప్పు మీ లోపలిది. రూటరు దాకా బాగుండి అవతల చెడితే లైనుది. రెండు వైపులా విడివిడిగా కొలవాలి, ఎందుకంటే మాకు వాళ్ల మాట బాగా వినిపిస్తూ వాళ్లకు మా మాట వినిపించకపోవడమే ఎక్కువ. మా గొంతు వెళ్లేది అప్‌లోడ్ దారిలో కదా.

4. మాటకు ముందు దారి ఇవ్వండి. ఫోన్లను వేరే వీల్యాన్‌లో, అంటే అదే వైర్ల మీద విడదీసిన వేరే నెట్‌వర్క్‌లో పెట్టి, వాయిస్ ప్యాకెట్లకు "ముందు పంపాలి" అని చెప్పే ఈఎఫ్ గుర్తు (సెట్టింగుల్లో డీఎస్‌సీపీ 46) వేయించి, మీ రూటరులో ఆ గుర్తుకు మొదటి వరుస ఇప్పించండి. బయటి ఇంటర్నెట్‌లో ఆ గుర్తును గౌరవిస్తారన్న హామీ లేదని మాకూ తెలుసు. మీ గుమ్మం దాకా అయినా అది మీ చేతిలో ఉన్న పని. స్కానింగ్ ఫైళ్ల అప్‌లోడ్‌కూ కెమెరాల బ్యాకప్‌కూ స్పీడ్ పరిమితి పెట్టండి. కుదిరితే ఫోన్లకు వేరే చిన్న లైను తీసుకోండి. పైన చెప్పిన లెక్క ప్రకారం అది పెద్ద లైను కానక్కర్లేదు.

5. అమర్చేవాళ్లకు ఒక మాట. చాలా రూటర్లలో సిప్ ఏఎల్‌జీ అని, ఇంటర్నెట్ కాల్స్ కలిపే సందేశాలను రూటరే మధ్యలో మార్చే సెట్టింగు ఒకటి ఉంటుంది. సాయం చేయడానికి పెట్టారట, ఎక్కువచోట్ల అదే కాల్స్‌ను పాడు చేసి ఒకవైపే మాట వినపడేలా చేస్తుంది. మీకు తెలియని విషయం కాదు. పోయేటప్పుడు అది చూసి పోండి. పవర్ పోయినా ఫోన్లు పనిచేసేలా స్విచ్చికీ రూటరుకీ యూపీఎస్ ఇవ్వండి. పాత ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్‌ఛేంజీ నుంచి వచ్చేది, దీనికి రాదు. క్యాజువాలిటీ ఫోను కూడా ఇదే నెట్‌వర్క్ మీద ఉంది!

6. కాంట్రాక్టులో "అప్‌టైమ్", అంటే లైను ఎంతసేపు బతికి ఉందన్నది, ఒక్కటే రాసుకుని సంతకాలు పెట్టకండి. లైను బతికే ఉండి మాట చచ్చిపోయిన కాల్ కూడా అప్‌టైమ్‌లోకే వస్తుంది. డిలే ఎంత దాటకూడదు, జిట్టర్ ఎంత, ఎంఓఎస్ ఎంతకు తగ్గితే ఎన్ని గంటల్లో సరిచేయాలి, సరిచేయకపోతే బిల్లులో ఎంత తగ్గాలి అన్నవి అంకెల్లో రాయించండి. కొత్త సీట్లు పెంచే ముందు, మామిడి సీజనూ అడ్మిషన్లూ ఉత్సవాలూ మొదలయ్యే ముందు, నిండు లోడుతో ఒకసారి పరీక్ష పెట్టించండి.

7. లైను మార్కు తక్కువున్న కాల్స్‌ను మా రేటింగుల నుంచి తీసేయండి. క్వాలిటీ టీమ్ ఫారంలో పై వరుసలో లైను మార్కు గడి పెట్టండి. అది 3.6 కంటే తక్కువుంటే మిగతా గడులు నింపొద్దు. ఇప్పటిదాకా కోసిన ఇన్సెంటివ్‌ల సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. పాత లెక్క లేదు కాబట్టి అణా పైసలతో తేలదని మాకూ తెలుసు.

8. ఫోనులో చెప్పే ముఖ్యమైన సూచనలు, అంటే పరగడుపు, మాత్రలు, తేదీ, టోకెన్ నంబరు, కాల్ అవగానే తెలుగులో ఎస్ఎంఎస్‌గా వెళ్లాలి. లైను బాగుపడేదాకా మాత్రమే కాదు, ఆ తర్వాత కూడా. డెస్క్ మీద "ఈ కాల్ సరిగా వినపడలేదు" అని నొక్కడానికి మాకు ఒక కోడ్ ఇవ్వండి. మెషిన్ చెప్పే మార్కూ మా చెవి చెప్పేదీ ఎక్కడ కలవడం లేదో దానితో తెలుస్తుంది. ఎంఓఎస్ అన్నది అంచనానే, ప్రతిధ్వనినీ పాడైన హెడ్‌సెట్‌నూ అది ప్రతిసారీ పట్టుకోలేదు.

ఒక భయం కూడా ముందే చెప్పాలి. మానిటరింగ్ పెంచమంటున్నాం కదా అని మా మాటలు ఇంకా ఎక్కువ వినడం మొదలుపెట్టకండి. లైను నాణ్యత కొలవడానికి ఎవరి సంభాషణా వినక్కర్లేదు. ప్యాకెట్ మీద ఉన్న వరుస నంబరూ, టైమూ చాలు. ఒక పేషెంటు ఏ జబ్బు గురించి మాట్లాడాడో ఆ లెక్కలోకి రాదు, రాకూడదు కూడా. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చిన సంగతి మీ లీగల్ వాళ్లకు తెలుసు. ఐటీ వాళ్లు సమస్య వెతకడానికి ప్యాకెట్లను పూర్తిగా పట్టుకుంటే, అందులో మాట కూడా ఉండొచ్చు కాబట్టి, ఎవరు తీశారు, ఎప్పుడు చెరిపేశారు అన్నది రాసి ఉండాలి.

ఖర్చు గురించి మీరు అడుగుతారు. మొదటి డిమాండ్‌కు చాలాచోట్ల సెట్టింగు మార్చడం, పాతదో కొత్తదో ఒక కంప్యూటరు మీద రిపోర్టులు పోగుచేయడం చాలు. దీనికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయని నెట్‌వర్క్ పని తెలిసిన స్నేహితులు చెప్పారు. నాలుగోది మీ దగ్గరున్న రూటరు మంచిదైతే ఒక పూట పని. రూటరు మార్చాల్సి వస్తే మార్చండి. లాబీలో ఫౌంటెన్‌కు పెట్టినంత అవదు.

రెండు జిల్లాల కలెక్టర్లకు కూడా ఒక విన్నపం. ప్రభుత్వ ఆఫీసుల్లో, హెల్ప్‌లైన్లలో ఇంటర్నెట్ ఫోన్లకు టెండరు పిలిచేటప్పుడు ఎన్ని ఫోన్లు, ఎంత స్పీడు అన్నవే కాక ఆరో డిమాండ్‌లోని అంకెలు కూడా షరతుల్లో పెట్టించండి. ఫిర్యాదు చెప్పుకోవడానికి చేసే ఫోనే వినపడకపోతే ఆ మనిషి ఇంకెక్కడికి పోతాడు?

మా యాజమాన్యానికి విడిగా చెప్పేది ఒక్కటే. ఈ లేఖ కాపీని హెచ్ఆర్‌కూ, ఐటీకీ ఇచ్చాం. ఒక వారం రోజుల పాటు ఉదయం 9 నుంచి 11 వరకు జరిగిన కాల్స్ లైను లెక్క తీయించండి. అదే వారం మేము వినపడని కాల్స్‌ను టైముతో సహా రిజిస్టరులో రాస్తాం. రెండూ పక్కపక్కన పెట్టి మాతో ఒక గంట కూర్చోండి. మేము చెప్పింది తప్పని తేలితే రేటింగుల మీద మళ్లీ నోరెత్తం. నెలాఖరులోగా తేదీ చెప్పకపోతే ఈ లేఖనే డిమాండ్ నోటీసుగా మార్చి లేబర్ ఆఫీసులో ఇస్తాం.

ఇట్లు,
ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫోన్ డెస్క్ సిబ్బంది,
తిరుపతి